వందేళ్ల బడికి సాక్షి

ఆయనకు రాజులంటే పడదు. ఎవరు ఎవరి మీద దండెత్తారో, ఎవరి కోట ఎవరు కూల్చారో పుస్తకంలో అచ్చయ్యే ఉంది కదా, దాన్ని మళ్లీ నా నోటితో చదివించుకోవడం దేనికి అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఒకే ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చరిత్ర చెబుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క పట్టాభిషేకమైనా సాంతం చెప్పిన పాపాన పోలేదు.

ఏటా బడి తెరిచిన మొదటి రోజు చేతిసంచిలోంచి ఒక పాత తోలు చెప్పు తీసి బల్ల మీద పెడతాడు. ఒంటి చెప్పు. "ఇది ఎటువైపు అరిగింది?" అని అడుగుతాడు. పిల్లలు ముక్కులు మూసుకుని మరీ చూస్తారు. మడమ దగ్గర బయటివైపు అరిగిందని ఒకరు, బొటనవేలి కింద చిల్లు పడిందని ఒకరు చెబుతారు. గంట కొట్టేసరికల్లా ఆ చెప్పు తొడుక్కున్న మనిషి లావుపాటివాడనీ, ఒక కాలు ఈడుస్తాడనీ, చిల్లు పడ్డా కొత్తవి కొనని పిసినారి అనీ తేల్చేస్తారు. అది ఆయన మామగారి చెప్పు. తన చెప్పు ఇరవై రెండేళ్లుగా పాఠ్యాంశమని ఆ పెద్దాయనకు ఇప్పటికీ తెలియదు. కుక్క ఎత్తుకుపోయిందనుకుని, ఎప్పటికైనా దొరక్కపోతుందా అని రెండోదాన్ని దాచుకున్నాడు.

శుక్రవారం ఆఖరి పీరియడు సాక్షి కుర్చీది. ఒక చెయ్యి విరిగిపోయిన పాత కర్ర కుర్చీని తరగతి మధ్యలో వేస్తారు. అందులో కూర్చున్నవాళ్లు తమకు తెలిసిన పాత సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలు రెండే ప్రశ్నలు వెయ్యాలి. ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? ఈ రెండు ప్రశ్నలూ దాటి బతికి బట్టకట్టినవాళ్లు తక్కువ. ఒకసారి పాలాయన వచ్చి కూర్చుని, తన చిన్నప్పుడు ఈ వీధిలోకి పులి వచ్చిందని చేతులూపుతూ చెప్పాడు. ఎవరు చెప్పారంటే బాబాయి చెప్పాడన్నాడు. ఆయనకెలా తెలుసంటే కాసేపు ఆలోచించి, నిజానికి బాబాయి ఆ రోజు ఊళ్లోనే లేడన్నాడు. అప్పట్నుంచి పాలాయన బడి ముందు నుంచి రావడం మానేసి వెనక సందులోంచి తిరిగి వెళ్తున్నాడు.

మార్కుల పద్ధతి కూడా ఆయనదే. తెలిసింది చెప్పి, ఎలా తెలుసో చూపిస్తే పదికి పది. "తెలీదు" అని నోరు తెరిచి ఒప్పుకున్నా పదికి పదే. కల్పించి చెబితే మాత్రం సున్నా. ఈ లెక్కన తరగతిలో అందరూ తెలీదు అనేసి ఊరుకుంటారు కదా అని తోటి టీచర్లు ఎగతాళి చేశారు. ఊరుకోలేదు. తెలీదు అని చెప్పడం ఎంత కష్టమో అలా చెప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది.

బడిలో ఆయన పేరు "ఎవరు చెప్పారు సార్". ఈ పేరు ఇళ్లదాకా పాకింది. ఒకరోజు ఒక తండ్రి గేటు దగ్గర కాపు కాసి పట్టుకున్నాడు.

"మావాడు ప్రతిదానికీ ఎవరు చెప్పారంటున్నాడండీ. నిన్న అన్నం తింటూ, నువ్వు మా నాన్నవని ఎవరు చెప్పారు అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"మీ అమ్మని అడగమన్నాను."

"సరైన సాక్షినే చూపించారు" అని ఆయన మెచ్చుకుని వెళ్లిపోయాడు.

ఇంత నిక్కచ్చి మనిషి కడుపులో ఒక అబద్ధం ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తోంది. అది బడి వయసుకు సంబంధించినది. దాన్ని బయటికి లాగింది ఎవరో కాదు, వాన.

నాలుగో తరగతి పైకప్పు అయిదు చోట్ల కారుతుంది. ఏ బకెట్టు ఎక్కడ పెట్టాలో పిల్లలకు ఎక్కాలకన్నా బాగా వచ్చు. నీలం బకెట్టు పటం కింద, ఆకుపచ్చది మూడో బెంచీ పక్కన, పెయింటు డబ్బా కిటికీ దగ్గర. హెడ్మిస్ట్రెస్ కొత్త కప్పు కోసం ఏడేళ్లలో తొమ్మిది అర్జీలు పెట్టింది. పైవాళ్లు ప్రతిదానికీ అందినట్టు రసీదు పంపారు. ఆ రసీదులన్నీ అతికిస్తే ఒక చిల్లయినా మూసుకునేదేమో. ఎండాకాలం చివర్లో ఒక సర్క్యులర్ వచ్చింది. వందేళ్లు నిండుతున్న బడులకు పైకప్పులు పూర్తిగా మార్చి ఇస్తారట. హెడ్మిస్ట్రెస్ ఆ కాగితం పట్టుకుని, ఆ వయసులో, ఆ మోకాళ్లతో, వరండా అంతా పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, మన బడికి వచ్చే ఏడాది వందేళ్లు. గోడ మీదే రాసుంది కదా. చరిత్ర మాస్టారు ధ్రువీకరించి సంతకం పెట్టాలట, అంతే. వచ్చే శుక్రవారం సాయంత్రానికల్లా పంపాలి."

ఆయన కాగితం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని, చాక్‌పీసు కోసం వెతుకుతున్నట్టు నటించాడు. చాక్‌పీసు చేతిలోనే ఉంది.

జరిగింది ఇది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఆయన చేతికి ఒక ఫారం వచ్చింది. అందులో "బడి స్థాపించిన సంవత్సరం" అనే గడి ఉంది. ఆ గడి ఖాళీగా ఉందని ఫారం అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. అప్పటి హెడ్మాస్టరు మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తున్నాడు. "ఏదో ఒకటి వేసి పడెయ్యవయ్యా" అని కళ్లు తెరవకుండానే అన్నాడు. కుర్రమాస్టరుకు కంఠతా వచ్చిన పాత సంవత్సరం ఒక్కటే, వాళ్ల నాయనమ్మ పుట్టిన సంవత్సరం. అది వేశాడు. పోనీ నాయనమ్మకైనా ఆ సంవత్సరం ఖాయమా అంటే, పెద్ద గాలివానకు ఇంటికప్పు లేచిపోయిన ఏడాది పుట్టానని చెప్పేదావిడ. ఆ గాలివాన ఏ సంవత్సరం వచ్చిందో ఆవిడ అన్నయ్య వేళ్ల మీద లెక్కేసి చెప్పాడు. హెడ్మాస్టరు అరకన్నుతో సంతకం గిలికాడు.

ఆ తర్వాత ఆ అంకె సొంతకాళ్ల మీద నడిచింది. ఫారం చూసి రిజిస్టరులో ఎక్కించారు. రిజిస్టరు చూసి విద్యాశాఖవాళ్లు వెబ్‌సైటులో పెట్టారు. వెబ్‌సైటు చూసి ఎవరో దాత గేటు పక్కన రాయి చెక్కించాడు. రాయి చూసి గోడ మీద అడుగెత్తు అక్షరాలతో పెయింటు వేయించారు. ఎవరికైనా అనుమానం వచ్చి గోడను అడిగితే రాయిని చూపిస్తుంది, రాయి వెబ్‌సైటును చూపిస్తుంది, వెబ్‌సైటు రిజిస్టరును చూపిస్తుంది. అందరూ పెద్దమనుషులే, అందరిదీ ఒకటే మాట. ఆయన మాత్రం రోజూ ఆ గోడ పక్కనుంచి తల వంచుకుని లోపలికి వెళ్లేవాడు. తెలీదంటే పదికి పది అన్న నియమం ఎందుకు పుట్టిందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడో కాదో కూడా తెలియదు. ఆ గడిలో ఆ ఒక్క మాట రాయలేకపోయిన సిగ్గులోంచి పుట్టింది.

సర్క్యులర్ వచ్చిన మర్నాడు ఆయన పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు. పన్ను నిజంగానే పుచ్చింది, అబద్ధం కాదు. అదే రోజు హెడ్మిస్ట్రెస్ నాలుగో తరగతికి వెళ్లి, వందేళ్ల పండక్కి బడి చరిత్ర మీద అయిదు నిమిషాలు మాట్లాడాలి, తయారవండి అని చెప్పి వచ్చింది. పాపం ఆవిడ ఉద్దేశం గోడ మీద ఉన్నది బట్టీ పట్టమని. ఆ పిల్లలకు బట్టీ పట్టడం ఎవరూ నేర్పలేదన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

బుగ్గ వాచిపోయి ఆయన తిరిగొచ్చేసరికి దర్యాప్తు సగం పూర్తయింది. నాయకత్వం పెయింటర్ కూతురిది. తొమ్మిదేళ్ల పిల్ల, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది, నవ్వడం తక్కువ. గోడ మీద ఆ సంవత్సరం పెయింటు వేసింది వాళ్ల నాన్నే, కాబట్టి మొదటి సాక్షి ఇంట్లోనే దొరికాడు.

"మా నాన్నకి రాయి చూసి వెయ్యమన్నారంట సార్" అని ఆ పిల్ల లెక్క అప్పజెప్పింది. "రాయికి వెబ్‌సైటు, వెబ్‌సైటుకి రిజిస్టరు. రిజిస్టరు మేడమ్ చూపించారు. దానికన్నా ముందు ఒక ఫారం ఉందంట, బీరువాలో వెతుకుతున్నారు."

"ఊఁ" అన్నాడాయన. వాచిన బుగ్గ ఆ రోజు ఆయన్ని చాలా కాపాడింది.

"ఇంకో సంగతి సార్. మా నాయనమ్మ చిన్నప్పుడు ఇక్కడ బడి లేదంట. ఇటుకల బట్టీ ఉండేదంట."

"ఎవరు చెప్పారు?" అలవాటు కొద్దీ నోరు జారింది.

"మా నాయనమ్మే."

"ఆవిడకెలా తెలుసు?"

"ఇటుకలు మోసింది కాబట్టి. ఆవిడకి డెబ్బై రెండు. పిల్లలకి సగం కూలీ ఇచ్చేవాళ్లంట, ఇంకా తిడుతుంది."

దానికి తిరుగులేదు. ఒక నాయనమ్మను అడ్డం పెట్టుకుని ఆయన ఆడిన అబద్ధాన్ని ఇంకో నాయనమ్మ ఇటుకల తట్టతో వచ్చి కూలగొట్టేసింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ పీరియడంతా కొట్టుకుని, గంట కొట్టగానే బయటపడ్డాడు.

ఆయన భార్య ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. పొద్దున్నే పరగడుపున వచ్చిన వందమంది మొహాలు చూసి చూసి ఆవిడకు మనుషుల మీద జాలి, చిరాకు సమానంగా ఉంటాయి. సాయంత్రం కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

"అయితే మీ నాయనమ్మకి వచ్చే ఏడు నూరేళ్లన్నమాట" అందావిడ. "పోయిన మనిషికి పైకప్పు వేయిస్తున్నారు."

"నవ్వులాటకి కాదే. సంతకం పెడితే పిల్లల నెత్తిన నీళ్లు కారవు. పెట్టకపోతే కారతాయి. ఒక్క అంకె. దానివల్ల ఎవరికి నష్టం?"

"మీకు షుగర్ ఎంతుందో నేను సూది గుచ్చకుండా, మొహం చూసి రాసేస్తే ఊరుకుంటారా?"

"అది వేరు."

"ఏం వేరు? అక్కడా గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోరు." ఆవిడ బెండకాయల తొడిమలు ఒక పక్కకు నెట్టింది. "నిజం చెప్పండి. మీ భయం మేడమ్ గురించా, కప్పు గురించా?"

రెండూ కాదు. ఆయనకు తెలుసు. పైవాళ్లు మెమో ఇస్తే తీసుకుని సొరుగులో పడేస్తాడు, అక్కడ దానికి తోడు ఇంకో మూడు ఉన్నాయి. ఆయన భయమంతా తరగతిలోని ఆ నలభైమంది పిల్లల మొహాల గురించే. పాలాయనను సందులోకి తరిమిన ఆ కళ్లు తనవైపు తిరుగుతాయే అన్నదే. రేపట్నుంచి ఏ మొహం పెట్టుకుని ఎవరు చెప్పారని అడగాలి?

మంగళవారం బీరువాలో ఫారం నకలు దొరికింది. పిల్లలు దాన్ని చూసుకుని చాలాసేపు గుసగుసలాడుకున్నారు. ఆయన కిటికీ బయట లేని పక్షిని చూస్తూ నిలబడ్డాడు. చివరికి పెయింటర్ కూతురు వచ్చింది.

"సంతకం పాత హెడ్మాస్టరు గారిది సార్. ఆయన పోయారంట కదా. ఇక అడగడానికి ఎవరూ లేరు. ఆయనే కల్పించి రాశారని రాసుకోమంటారా?"

ఇదీ పరీక్ష. చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టేస్తే కథ కంచికి, మనం ఇంటికి.

"శుక్రవారం దాకా రాయకండి" అన్నాడు.

"అలాగే సార్" అంది ఆ పిల్ల. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ఆయన్ని కాస్త ఎక్కువసేపే చూసి వెళ్లింది.

గురువారం హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"వందేళ్లా, అరవయ్యేళ్లా అన్నది ఎప్పటి సంగతో మాస్టారూ. కారేది ఇప్పుడు" అంది. "పోయినేడు ఆ మూడో బెంచీ పిల్ల వానాకాలమంతా దగ్గింది. మీ నిజం ఆ పిల్లకి గొడుగు పడుతుందా?"

ఆవిడ చెప్పింది తప్పని ఎవరైనా అంటే, వాళ్లు ఆ గదిలో తడిసి ఉండరు.

"నేనేం బలవంతం చెయ్యను. రేపు ఆఖరి పీరియడుకి వస్తాను. సంతకం పెట్టి ఇస్తే తీసుకెళ్తాను, లేకపోతే లేదు."

శుక్రవారం కుర్చీ వేశారు. హెడ్మిస్ట్రెస్ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఈ వారం సాక్షి ఎవరని పిల్లలు వాకిలి వైపు చూస్తున్నారు. ఆయన జేబులో కాగితం తడుముకుని, వెళ్లి తానే కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి లేని వైపు ఒరిగి, పడబోయి, సర్దుకున్నాడు. ఇన్నేళ్లలో అందరినీ కూర్చోబెట్టాడు గానీ ఆ కుర్చీ ఇంత ఇబ్బంది పెడుతుందని ఆయనకు తెలియదు.

"నాకు తెలిసిన పాత సంగతి ఒకటుంది" అన్నాడు. "ఈ బడి పెట్టిన సంవత్సరం మొదట కాగితం మీద వేసింది నేనే."

పెయింటర్ కూతురు లేచి నిలబడింది. "మీకు ఎవరు చెప్పారు సార్?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి మీకెలా తెలుసు?"

"తెలీదు. మా నాయనమ్మ పుట్టిన సంవత్సరం వేశాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మిగతావాళ్లు నవ్వలేదు. రెండు ప్రశ్నలూ అయిపోయాయి. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"ఎందుకలా వేశారు సార్?"

మూడో ప్రశ్న నియమాల్లో లేదు. అయినా చెప్పాడు. "తెలీదు అని రాయడానికి సిగ్గేసింది. చదువుకున్నవాణ్ని, చరిత్ర మాస్టర్ని, తెలీదంటే ఏమనుకుంటారో అనుకున్నాను." పన్ను పీకిన చోటును నాలుకతో తడుముకున్నాడు.

"మాకు తెలుసు సార్" అందా పిల్ల.

"ఏం తెలుసు?"

"మీరే రాశారని. ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డగీత కొట్టేది బడి మొత్తంలో మీరొక్కరే. ఫారంలో అదే గీత ఉంది. మంగళవారమే చూశాం."

పెయింటర్ కూతురి కళ్లు. అంకెల ఒంపులు, పోలికలు ఆ ఇంట్లో అన్నంతోపాటు పెడతారు మరి.

"మరి అప్పుడే అడగలేదేం? హెడ్మాస్టరు గారి మీద రాయమంటారా అన్నావు కదా."

"మీరు కుర్చీలో కూర్చుంటారో లేదో చూద్దామనుకున్నాం సార్. అందరం అనుకున్నాం."

నలభైమంది మూడు రోజులుగా నోరు కట్టుకుని ఆయన కోసం కాచుకున్నారు. వాళ్లలో ఒకడికి పక్కవాడి పెన్సిలు విరిగిన సంగతైనా అయిదు నిమిషాలు దాచడం చేతకాదు. అలాంటివాడు కూడా నోరు విప్పలేదు.

ఆ పిల్ల బోర్డు దగ్గరికి వెళ్లింది. సాక్షికి మార్కులు వెయ్యడం ఆ వారం ఆమె వంతు. చాక్‌పీసు తీసి పెద్ద సున్నా చుట్టింది.

"సార్ ఒప్పుకున్నారు కదా, పది వెయ్యొచ్చు కదా" అని ముందు బెంచీవాడు గొణిగాడు.

"తెలీదు అని అప్పుడు రాసుంటే పది" అంది ఆ పిల్ల. "ఇది కల్పించింది. సున్నానే."

ఆయన తలాడించాడు. హెడ్మిస్ట్రెస్ ముందుకొచ్చి ఆయన జేబులోంచి కాగితం తానే తీసుకుంది. సంతకం లేని గడి చూసి, నాలుగు మడతలు పెట్టింది.

"నెల తిరక్కుండా వానలు మాస్టారూ" అంది. "కొత్త బకెట్లు మీరే తెచ్చిపెట్టండి."

ఆ ఏటి పైకప్పు వేరే బడికి వెళ్లింది. దానికి వందేళ్లట. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఈ బడి గోడ మీద ఉన్న సంవత్సరాన్ని పెయింటర్ సున్నం కొట్టి చెరిపేశాడు. రాయి మాత్రం అలాగే ఉంది, రాళ్లకు సిగ్గుండదు. ఆయన మూడు బకెట్లు కొన్నాడు. మూడో బెంచీని గోడవారకు జరిపించాడు. తనకొచ్చిన సున్నాను బోర్డు మూలన అలాగే ఉంచమన్నాడు. పిల్లలు ఎలాగూ చెరిపే ఉద్దేశంలో లేరు.

మొదటి పెద్దవాన కురిసిన రోజు బడి చరిత్ర నోటుపుస్తకాలు దిద్దడానికి కూర్చున్నాడు. బకెట్లన్నీ టపటపమంటున్నాయి. పిల్లలు వాటి మధ్య కాళ్లు ముడుచుకుని బొమ్మలు వేసుకుంటున్నారు. అన్నిటికన్నా పైన పెయింటర్ కూతురి పుస్తకం ఉంది. గుండ్రటి పెద్ద అక్షరాలతో ఇలా రాసింది.

"మా బడి వయసు తెలీదు. డెబ్బై ఏళ్ల కన్నా తక్కువ. మా నాయనమ్మ చెప్పింది, ఆమె ఇక్కడ ఇటుకలు మోసింది. మా తరగతికి కొత్త కప్పు రాలేదు. దానికి కారణం మా సార్. ఎవరు చెప్పారు? మా సారే చెప్పారు. ఆయనకెలా తెలుసు? చేసింది ఆయనే."

ఆయన రెండుసార్లు చదివాడు. ఎర్ర పెన్ను తీసి కింద పదికి పది వేశాడు. కప్పులోంచి ఒక చుక్క సరిగ్గా దాని మీదే పడి అంకె అలుక్కుపోయింది. చొక్కా అంచుతో అద్ది, పుస్తకాన్ని కాస్త పక్కకు జరుపుకుని, మళ్లీ వేశాడు.